మేడమీది ట్యాంకు నీళ్ళు, బీరువాలోని కెమెరాలు: ఒక ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ కేసు

ఫిల్ము మీద మళ్ళీ మక్కువ పెరిగిన ఈ రోజుల్లో నా దగ్గరకు రీళ్ళు తెచ్చేవాళ్ళలో చాలామంది ఒకే మాట అంటుంటారు: "ఫిల్ము అంటే అంతే కదండీ, కాస్త మసకగానే ఉంటుంది." ఆ మాట నేను ఒప్పుకోను. సరిపడా వెలుతురు పడేలా తీసి (ఎక్స్‌పోజ్ చేసి), రసాయనాలతో సరిగా కడిగిన నెగటివ్‌లో మసక ఉండదు. అది కనిపించిందంటే ఎక్కడో ఒకచోట లోపం ఉన్నట్టే. ఆ లోపం ఏ మెట్టులో ఉందో వెతకకుండా ఫిల్మునో, ల్యాబునో, వయసునో తప్పుపట్టి కెమెరాలు అమ్మేసుకున్నవాళ్ళను చూశాను. ఈ కేసులోని ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ కూడా అమ్మేసే ఉద్దేశంతోనే వచ్చారు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కెమెరాలు, రసాయనాలు, కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఆయన అరవై దాటినవారు. విశాఖలోనే సాంకేతిక ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఫోటోగ్రఫీ ఎప్పుడూ వృత్తి కాలేదు, పెళ్ళిళ్ళకు తీయలేదు, స్టూడియో పెట్టలేదు. కానీ 1980లలో కాలేజీ రోజుల నుంచి ఆ పని వదిలిపెట్టలేదు. అప్పట్లో ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసే ఇందు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము వాడేవారు. ఫిల్ము మీద బొమ్మను తేల్చే రసాయనం డి-76 డెవలపర్ పొట్లాలు కొనే స్తోమత లేక రసాయనాలు విడిగా తెచ్చుకుని తూచి కలుపుకునేవారు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ఈ నాలుగు అంకెలూ ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. పని తెలియక పాడుచేసుకున్న మనిషి కాదాయన, పని బాగా తెలిసినవారే. అలాంటి చోట లోపం పట్టుకోవడం మరింత కష్టం, ఎందుకంటే తెలిసిన పనిని ఎవరూ తిరిగి పరీక్షించుకోరు.

ఉద్యోగం వచ్చాక నికాన్ ఎఫ్‌ఎం2 కొన్నారు. దానికి మూడు లెన్సులు: 50, 28, 105 మిల్లీమీటర్లవి. తర్వాత ఒక స్టూడియో మూసేస్తుంటే యాషికా మ్యాట్ 124జి తీసుకున్నారు. పైనుంచి కిందకు చూసి తీసే రెండు లెన్సుల కెమెరా అది, 120 అనే వెడల్పాటి రీలు మీద 12 చదరపు ఫోటోలు వస్తాయి. ఒకప్పుడు మన ఊళ్ళలో ఏ స్టూడియోకు వెళ్ళినా కనిపించేది. 2011లో నికాన్ డి7000 కొని డిజిటల్‌కు మారారు. అప్పటి నుంచి ఫిల్ము కెమెరాలు రెండూ తోలు కేసుల్లో, నెగటివ్‌లు ప్లాస్టిక్ కవర్లలో, అన్నీ కలిసి ఒక ఇనుప బీరువాలోకి వెళ్ళిపోయాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఊళ్ళో వేల ఇళ్ళలో జరిగినట్టే ఆయన ఇంట్లోనూ కిటికీ అద్దాలు పగిలి, వాన నీళ్ళు బీరువా అడుగు అరలోకి చేరాయి. కరెంటు రోజుల తరబడి లేదు. తడిసిన కవర్లను విసనకర్రతో ఆరబెట్టి మళ్ళీ అదే బీరువాలో పెట్టేశారు. ఈమధ్య తిరిగి ఫిల్ము మీదకు మనసు మళ్ళి కెమెరాలు బయటకు తీశారు.

తీసుకొచ్చిన సమస్య

ఫోను తెరిచి చూపించారు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరు, పాతనగరం సందులు, ఎర్రమట్టి దిబ్బలు. కూర్పు చక్కగా ఉంది, కన్ను ఎక్కడా తప్పలేదు. బొమ్మలో మాత్రం జీవం లేదు. కొన్నిటిలో ఆకాశం మొత్తం తెల్లగా కాలిపోయి, ఇసుకలా గరుకుగా ఉంది. మరికొన్నిటిలో నలుపు అన్నదే లేదు, తారు పూసిన పడవ కూడా బూడిదరంగులో ఉంది.

"ఫిల్ము వెనకటిలా లేదు తమ్ముడూ, తయారీయే మారిపోయింది. అన్నీ అమ్మేసి డిజిటల్‌లోనే ఉండిపోతే మంచిదేమో," అన్నారు.

అప్పటికే ఆయన చేయగలిగినవన్నీ చేసి చూశారు. ఫిల్ము కంపెనీ మార్చారు. 120 రీళ్ళు కడిగే వేరే ఊరి ల్యాబును మార్చారు. ఆకాశం కాలిపోతోందని 400 వేగం (వెలుతురును పట్టే చురుకుదనం) ఉన్న ఫిల్మును కెమెరాలో 800గా అమర్చి, వెలుతురు తగ్గించి తీశారు. దాంతో ఆకాశం బాగుపడలేదు సరికదా నీడల్లో ఉన్న కాస్త వివరమూ పోయింది. కంప్యూటర్‌లో కాంట్రాస్ట్ పెంచితే గరుకుదనం పెరిగింది.

ఇక్కడ నా మొదటి నిర్ణయం ఫోనులో బొమ్మలు పక్కన పెట్టించడం. స్కాన్ చేసే యంత్రం తనంతట తాను వెలుగునీడలు సర్దుతుంది. పలచటి నెగటివ్‌నూ, చిక్కటి నెగటివ్‌నూ (నెగటివ్‌లో వెలుగు నల్లగా, నీడ ఖాళీగా పడుతుంది; నలుపు ఎక్కువైతే చిక్కన, తక్కువైతే పలచన) దాదాపు ఒకేలా చూపించి అసలు సంగతి దాచేస్తుంది. "మాస్టారూ, నెగటివ్‌లు తీసుకురండి, దేనితో తీశారో విడివిడిగా కట్టి తెండి," అన్నాను.

నెగటివ్ అంచు చెప్పిన మాట

నెగటివ్ స్ట్రిప్‌ను లైట్ ప్యానెల్ మీద పెట్టినప్పుడు నేను ముందు చూసేది బొమ్మను కాదు, అంచును. ఫ్రేము నంబర్లు, ఫిల్ము పేరు అంచున ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రిస్తారు. కెమెరాకూ, తీసిన మనిషికీ దానితో సంబంధం లేదు. కాబట్టి అంచు అక్షరాలు ఎంత నల్లగా తేలాయన్నది కడిగిన తీరును మాత్రమే చెబుతుంది. అక్షరాలు సరిగా ఉండి బొమ్మ పలచగా ఉంటే వెలుతురు చాలలేదు. అక్షరాలే వెలిసిపోయినట్టుంటే కడగడం చాలలేదు. అక్షరాలు ఉబ్బి, చుట్టూ పాకినట్టుంటే కడగడం ఎక్కువైంది. ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష ఇది, మంచి భూతద్దం చాలు.

ఎఫ్‌ఎం2 నెగటివ్‌ల అంచు అక్షరాలు బొగ్గులా నల్లగా, లావుగా ఉన్నాయి. ఆకాశం ఉన్నచోట వెనుక దీపం కూడా కనిపించనంత చిక్కదనం. యాషికా నెగటివ్‌ల అంచు మాత్రం చక్కగా, శుభ్రంగా ఉంది. అక్షరాలకూ బేసుకూ (ఖాళీ ఫిల్ముకూ) మధ్య తేడా ఎంత ఉండాలో అంతే ఉంది. అంటే ఆయన తప్పుపట్టిన ల్యాబు తన పని సరిగ్గానే చేసింది. ఆ రీళ్ళలో బొమ్మ మాత్రం పలచగా ఉంది, పైగా నీడలు ఖాళీగా ఉండాల్సినచోట సన్నటి బూడిద పొర.

కేసు అక్కడే రెండుగా చీలిపోయింది. ఆయన ఒకటే అనుకున్న ఫిర్యాదులో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. ఒకదానికి చేసిన వైద్యం రెండోదాన్ని ముదరబెడుతోంది. చిక్కగా వస్తున్నాయని వెలుతురు తగ్గించిన మనిషే, అదే అలవాటుతో పలచటి రీళ్ళనూ తగ్గించి తీస్తున్నారు.

ఎఫ్‌ఎం2 రీళ్ళు: నీళ్ళ వేడి

కడగడం మీద అనుమానం బలంగా ఉన్నా, కెమెరాను ముందు తేల్చేయాలనుకున్నాను. షట్టరు నెమ్మదించినా నెగటివ్ చిక్కగానే వస్తుంది, అంచు అక్షరాలు ఆ సంగతి చెప్పలేవు. ఎండ పడని ఒకే రంగు గోడ ముందు ట్రైపాడ్ వేసి, మొత్తం వెలుతురు మారకుండా షట్టరు వేగం, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) జతగా మార్చుకుంటూ తీయించాను: సెకనులో 60వ వంతుకు ఎఫ్ 11, 125వ వంతుకు ఎఫ్ 8, అలా 1000వ వంతుకు ఎఫ్ 2.8 దాకా. ఆ ముక్కను నేనే కడిగాను. ఫ్రేములన్నీ ఒకే ఛాయలో వచ్చాయి, షట్టరు బాగుంది. ఎఫ్‌ఎం2 షట్టరు పూర్తిగా యాంత్రికమైనది, బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరుకే కావాలి. ఇన్నేళ్ళు బీరువాలో ఉన్నా వేగం చెడలేదంటే ఆ తయారీకి దణ్ణం పెట్టాలి. 50 లెన్సును డి7000కు తగిలించి తీస్తే బొమ్మ పదునుగా వచ్చింది, లెన్సూ బాగుంది. ఆయన పోటీగా చూసిన డిజిటల్ కెమెరా ఇక్కడ పరీక్ష పరికరంగా పనికొచ్చింది.

ఇక మిగిలింది ఎఫ్‌ఎం2 రీళ్ళను ఆయనే కడుక్కునే స్నానాల గది. కడిగే తీరు మొదటి నుంచి చివరిదాకా నా ముందు చేసి చూపించమన్నాను. అది మే నెల. డెవలపర్ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, థర్మామీటరుతో చూసి, సరిగ్గా 20 డిగ్రీల దగ్గర, ఫిల్మును చుట్టి ఉంచిన చిన్న స్టీలు ట్యాంకులో పోశారు. ఆయన వాడే 400 ఫిల్ము హెచ్‌పి5 ప్లస్‌కు డి-76లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలని తయారీదారు చెప్పిన లెక్క, గడియారం పెట్టుకుని దాన్నే పాటించారు. కాగితం మీద ఒక్క తప్పూ లేదు.

కానీ డెవలపర్‌కు ముందు ఫిల్మును కుళాయి నీటితో తడిపారు. అపార్ట్‌మెంట్ మేడమీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీరు ముట్టుకుంటేనే వెచ్చగా ఉంది. స్టీలు ట్యాంకు, లోపలి చుట్ట, ఫిల్ము అన్నీ ఆ వేడి పట్టేశాయి. చిన్న ట్యాంకు, మూడు వందల మిల్లీలీటర్ల డెవలపర్, చుట్టూ అరచేతుల వేడి. పైగా ఆయన ట్యాంకును ఆపకుండా ఊపుతూనే ఉన్నారు. నిమిషానికి పది సెకన్లు ఊపితే చాలినచోట అంత కదలిక ఉంటే డెవలపర్ మరింత చురుగ్గా పనిచేస్తుంది. సమయం అయ్యాక పారబోయబోతున్న డెవలపర్‌ను గ్లాసులో పట్టి థర్మామీటరు ముంచమన్నాను. 25 దాటింది.

పోసేటప్పటి వేడిని అందరూ కొలుస్తారు, తీసేటప్పటిది కొలిచేవారు అరుదు. మన తీరంలో రెండోదే ముఖ్యం.

ఆయన మొదటి ఆలోచన 20 డిగ్రీలను ఎలాగైనా నిలబెట్టాలని. ట్యాంకు చుట్టూ ఐసు వేసి ప్రయత్నించారు. నేను వద్దనలేదు, చూద్దామన్నాను. ఒక రోజు 18కి పడిపోయింది, ఒక రోజు 22కి లేచింది. ఫిక్సర్ (తేలిన బొమ్మను నిలిపే రసాయనం), కడిగే నీరు వేరే వేడిలో ఉండేవి. ఏ రెండు రీళ్ళూ ఒకేలా రాలేదు. చల్లటి దేశాల గది ఉష్ణోగ్రతను మన గదిలో నిలబెట్టడానికి అంత శ్రమ పడడం అనవసరమని నా అభిప్రాయం. కావలసింది స్థిరత్వం, ఆ స్థిరత్వం మన వాతావరణానికి దగ్గరగా ఉంటే నిలుస్తుంది.

అందుకని 24 డిగ్రీలను పనివేడిగా పెట్టుకున్నాం. పెద్ద బకెట్‌లో నీళ్ళు పోసి, ఐసు ముక్కలు ఆ బకెట్‌లోనే వేసి 24కు తెచ్చి, డెవలపర్, ఫిక్సర్, ముందు తడిపే నీరు, ఖాళీ ట్యాంకు అన్నీ అందులోనే ఉంచడం. వేడి పెరిగితే సమయం తగ్గించాలి, కానీ అయిదు నిమిషాలకన్నా తగ్గితే ఫిల్ము మీద మచ్చలు, చారలు వచ్చే ప్రమాదం ఉంటుంది. కాబట్టి డెవలపర్‌ను సమానంగా నీళ్ళు కలిపి పలచన చేశాం. అలా కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర సుమారు 8 నిమిషాలు. తొందరపడనక్కర్లేని సమయం అది. ఊపడం నిమిషానికి పది సెకన్లే. ఫిల్మును తిరిగి 400గానే అమర్చి తీయమన్నాను.

ఈ పని సాగుతుండగా ఆయన తన పాత నోటుబుక్కు తెచ్చి చూపించారు. ముప్పై ఏళ్ళకు పైబడిన పుస్తకం, సిరా గోధుమరంగుకు తిరిగింది. ఒక పేజీలో ఆయన చేతిరాతే: "ఇందు, డి-76, బావి నీరు, 5 నిమిషాలు." ఆ రోజుల్లో పాత ఇంటి బావి నీటితో రాత్రిళ్ళు కడిగేవారు. ఆ నీరు కూడా 20 డిగ్రీలేమీ కాదు, కానీ ఏడాది పొడుగునా పెద్దగా మారేది కాదు. పుస్తకాల లెక్కను పక్కనపెట్టి, ఆ నీటికి ఎంతసేపు సరిపోతుందో చేసి చూసి తెలుసుకున్నారు. ఇల్లు మారింది, బావి పోయింది, మధ్యలో చాలా ఏళ్ళు గడిచాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు తన లెక్కను నమ్మకుండా అచ్చులో ఉన్న లెక్కను నమ్మారు. వెనకటి ఫిల్ము గొప్పదని ఆయన అనుకున్నదానిలో ఎక్కువ భాగం ఆ బావి నీటిది.

యాషికా రీళ్ళు: కనిపించని లెన్సు

యాషికా వెనుక మూత తెరిచి, షట్టరును బి మీద పెట్టి కేబుల్‌తో తెరిచి ఉంచి, వెనుక నుంచి టార్చి వేసి చూశాం. కింది లెన్సు లోపలి అద్దాల మీద చలికాలం పొద్దున కళ్ళద్దాలకు పట్టే ఆవిరిలాంటి పొర. అంచు దగ్గర సాలెపోగుల్లా పాకిన ఫంగస్. పై లెన్సు అద్దంలా ఉంది.

ఈ రకం కెమెరాలో మోసపోయేది ఇక్కడే. మనం చూసేది పై లెన్సు నుంచి, ఫిల్ము మీద పడేది కింది లెన్సు నుంచి. ఆయన ఎప్పుడు చూసినా గాజు తెర మీద బొమ్మ తళతళలాడుతూనే ఉంది, అనుమానించే అవకాశమే లేదు. ఫంగస్‌కు కావలసినవి తేమ, చీకటి, కదలని గాలి. విశాఖలో తేమకు కొదవలేదు, మిగతా రెండూ బీరువా సమకూర్చింది. తోలు కేసు ఆ తేమను పట్టి ఉంచింది.

కానీ పొర ఒక్కటే అయితే బొమ్మ పలచగా రాకూడదు. కాబట్టి మీటరును అనుమానించాను. ఈ కెమెరా మీటరు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి తయారైంది, అవి ఇప్పుడు రావడం లేదు. ఆయన అదే సైజు 1.5 వోల్టుల ఆల్కలైన్ వేశారు. వోల్టేజి పెరిగితే ముల్లు ఎక్కువ కదిలి, లేని వెలుతురు ఉన్నట్టు చూపిస్తుంది. అదే గోడను డి7000తోనూ, యాషికాతోనూ కొలిస్తే తేడా ఒక స్టాప్ పైనే, అంటే రెట్టింపు వెలుతురుకు పైనే. వినికిడి యంత్రాలు అమ్మే దుకాణంలో దొరికే 675 రకం జింక్ ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులది. సైజు చిన్నది కావడంతో చుట్టూ రబ్బరు వాషరు వేసి అమర్చాం. మీటరు దారికొచ్చింది. ఆ బ్యాటరీ స్టిక్కరు తీశాక ఎక్కువ కాలం రాదు. అందుకే కొత్తది వేసిన తేదీని కేసు లోపల రాసుకోమన్నాను.

లెన్సు శుభ్రం చేసే ముందు చాలాసేపు ఆలోచించాను. విప్పకపోతే ఫంగస్ అద్దం పూతను తినేస్తూనే ఉంటుంది. విప్పి ఏ మాత్రం గాయం చేసినా, ఈ కెమెరాకు విడి భాగాలు దొరకవు. కింది లెన్సు ముందు, వెనుక భాగాలు షట్టరుకు మర తిప్పి బిగించినవి, తిరిగి పూర్తిగా బిగిస్తే ఫోకస్ చెడదు. అంతవరకే విప్పాను, అంతకుమించి లోపలికి వెళ్ళలేదు. పొర మొత్తం పోయింది. ఫంగస్ పోయాక అంచున రెండు సన్నటి చారలు అద్దం పూత మీద శాశ్వతంగా మిగిలాయి. అపర్చర్ కాస్త మూసి తీస్తే అంచు నుంచి వచ్చే కాంతి ఫిల్మును చేరదు కాబట్టి, సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు ఎఫ్ 8 కన్నా తెరవవద్దని చెప్పాను.

ఆయన అడగని సమస్య

రీళ్ళ కోసం బీరువా తెరిచినప్పుడు పుల్లటి వాసన వచ్చింది. వెనిగర్ వాసన. పాత ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ విరిగిపోవడం మొదలైతే ఎసిటిక్ ఆమ్లం వెలువడుతుంది, ఆ ఆవిరి పక్కనున్న నెగటివ్‌లకూ చేటు చేస్తుంది. ఆయనకు కొత్త రీళ్ళు బాగా రావడం ముఖ్యం. నాకు మాత్రం ఆ బీరువా చూశాక కొత్త రీళ్ళ తొందర పోయింది. కెమెరా లోపాలు నెల ఆగగలవు. హుద్‌హుద్‌కు ముందు చెట్లతో నిండిన కైలాసగిరి వాలు, ఇప్పుడు లేని ఇళ్ళ వరసలు, తెరచాపలు కట్టిన పడవలు ఉన్న ఆ నెగటివ్‌లు ఆగలేవు. ఆ మాట ఆయనతో గట్టిగానే అన్నాను, పని వరస మార్చాం.

వాసన ఉన్నవాటిని వెంటనే వేరు చేసి, ప్లాస్టిక్ తీసేసి కాగితం కవర్లలో గాలి ఆడేలా పెట్టాం. హుద్‌హుద్ తడిలో కవరుకు అతుక్కుపోయినవాటిని లాగలేదు. శుభ్రమైన చల్లటి నీటిలో నానబెట్టి, వాటంతట అవి వదిలాక ఆరేశాం. రెండు స్ట్రిప్‌లు అప్పటికే చెడిపోయాయి, వాటి మీది జిగురు పొర కవరుకే ఉండిపోయింది.

డిజిటైజ్ చేయడానికి కొత్త స్కానర్ కొంటానన్నారు, వద్దన్నాను. డి7000, పాత 55 మైక్రో లెన్సు ఒకటి, దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబు, లైట్ ప్యానెల్ సరిపోయాయి. ఆ 55 లెన్సు ఒంటరిగా వస్తువును సెన్సరు మీద దాని అసలు సైజులో సగం వరకే చూపగలదు. 36 మిల్లీమీటర్ల నెగటివ్ డి7000 సెన్సరును నింపాలంటే అంతకన్నా దగ్గరగా వెళ్ళాలి, అందుకే ట్యూబు. కెమెరా నెగటివ్‌కు సమాంతరంగా లేకపోతే ఒక మూల మసకబారుతుంది. నెగటివ్ స్థానంలో చిన్న అద్దం పెట్టి, అందులో లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలో కనిపించేదాకా సర్దాం.

ఇప్పుడు ఎలా ఉంది

మార్పుల తర్వాత తీసిన మొదటి హార్బరు రీలును లైట్ ప్యానెల్ మీద భూతద్దంతో చూశాం. తారు పూసిన పడవ పక్క నెగటివ్‌లో దాదాపు ఖాళీగా ఉంది, అంటే ప్రింటులో నిండు నలుపు. దాని మీద పెయింటుతో రాసిన నంబరు చదవగలిగాం. వెనుక కుప్పపోసిన వలలో కన్నులు దేనికది విడిగా ఉన్నాయి, ఆకాశంలో మబ్బు అంచు ఉంది. ఆయన భూతద్దం చాలాసేపు దించలేదు.

కెమెరాలు అమ్మలేదు. తోలు కేసులు మాత్రం బయట పారేయించాను. కెమెరాలు, లెన్సులు ఇప్పుడు రబ్బరు అంచున్న గాలి చొరని డబ్బాలో ఉన్నాయి, లోపల సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు. 45 శాతం దగ్గర ఉంచమన్నాను. 60 దాటితే జెల్ ఆరబెట్టాలి. కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ మంచిదే కానీ, తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయే ఊళ్ళో దాని ఒక్కదాని మీదే ఆధారపడమని చెప్పలేకపోయాను. నెలకొకసారి లెన్సులను బయటకు తీసి వాడడాన్ని మించిన రక్షణ నాకు తెలియదు.

డిజిటల్ పని కూడా మారింది. ఫిల్ములో వెలుగు భాగాలను కాపాడుకోవడం నేర్చుకున్నాక డి7000తో కూడా వెలుగునీడల పంపకం చూపే హిస్టోగ్రామ్ చూసి తీస్తున్నారు. పక్షులూ, అరకు రైలు ప్రయాణాలూ డిజిటల్‌లో తీస్తారు. హార్బరు, పాతనగరం ఫిల్ము మీద తీస్తారు. ఏది దేనికన్నది ఆయన నిర్ణయమే.

1990ల నాటి కలర్ నెగటివ్‌ల పని ఇంకా మిగిలింది. వాటిలో రంగులు ఒక్కో పొరలో ఒక్కో తీరున వెలిశాయి. కంప్యూటర్‌లో పూర్తిగా సరిచేస్తే చూడడానికి బాగుంటుంది కానీ, ఆ నీలం అసలు సముద్రానిదా, మేం ఊహించి పెట్టినదా అన్నది తర్వాత ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి ఫ్రేముకు రెండు ఫైళ్ళు ఉంచుతున్నాం: వెలిసినది వెలిసినట్టే ఒకటి, సరిచేసినది ఒకటి. ఏ ఫైలు ఏదో పేరులోనే రాస్తున్నాం. ఆయన నోటుబుక్కులో ఇప్పుడు కొత్త పేజీ ఉంది: "హెచ్‌పి5, డి-76 సగం నీళ్ళు, ట్యాంకు నీరు, బకెట్ 24, 8 నిమిషాలు. తీసేటప్పుడు 24."